హాలోజన్ బండికి జెనాన్ హెడ్‌లైట్లు: ఎదురొచ్చేవాడి కళ్ళు పోకుండా ఎలా వేసుకోవాలి

"అన్నా, నా బండికి జెనాన్ వేయించాలి, ఏ బల్బు కొనమంటావు?" అని అడిగేవాళ్ళు ఎక్కువైపోయినారు, ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక మొత్తం ఒకేచోట రాస్తున్నా, ఇదంతా కార్ల సంగతి. ముందే చెప్పేస్తా, బల్బు ఏది అనేది ఆఖర్న అడగాల్సిన మాట. మొదట అడగాల్సింది ప్రొజెక్టర్ ఏది అని, అంటే బల్బు ముందర గుండ్రటి గాజు లెన్సు (గుండు), లోపల డిమ్ వెలుతురు పైకి పోకుండా ఆపే రేకు ఉండే ముక్క. హాలోజన్ కోసం చేసిన రిఫ్లెక్టర్‌లో (బల్బు వెనకుండే మెరిసే గిన్నె) జెనాన్ బల్బు తోసేసి రెండు వైర్లు తగిలించేసి పంపించేస్తారు చూడండి, అది జెనాన్ హెడ్‌లైట్ కాదు, ఎదురుబండోడికి శిక్ష.

ఎందుకనేది రెండు ముక్కల్లో చెప్తా. హెచ్4 (డిమ్, బ్రైట్ రెండూ ఒకే బల్బులో ఉండే రకం) హాలోజన్ బల్బులో డిమ్ ఫిలమెంట్ కింద చిన్న రేకు గిన్నె ఉంటుంది, అది వెలుతురు పైకి పోకుండా ఆపుతుంది, రిఫ్లెక్టర్ వంపులన్నీ ఆ సన్న ఫిలమెంట్ ఎక్కడుందో లెక్కగట్టి చేసినవి. జెనాన్‌లో ఫిలమెంటే లేదు, గాజుగుండులో రెండు మొనల మధ్య మండే మెరుపు, అదే ఆర్క్ ఉంటుంది, దాని ఆకారం వేరు, వెలుతురు వేరు. మామూలు హెచ్4 డిమ్ సుమారు 1000 ల్యూమెన్లు (వెలుతురు కొలత), 35 వాట్ల డీ2ఎస్ రకం జెనాన్ 3200 ల్యూమెన్లు. మూడింతల వెలుతురు తీసుకొచ్చి దాని కోసం చేయని గిన్నెలో పోస్తే అది ఇష్టమొచ్చిన వైపు పోతుంది. బండి ముందు పది అడుగులు తెల్లగా మెరిసిపోతా ఉంటే మనకు బ్రహ్మాండంగా ఉందనిపిస్తుంది, దూరం మాత్రం చీకటే.

మన తిరుపతోళ్ళకు ఇంకో చిక్కుంది. తిరుమల ఘాట్‌లో ఎక్కే రోడ్డు వేరు, దిగే రోడ్డు వేరు, ఎదురుబండి రాదు కాబట్టి అక్కడ తోలి చూసి "నా లైట్లు సూపర్" అనుకుంటారు. భాకరాపేట ఘాట్‌లో రాత్రిపూట మలుపు తిరగ్గానే అట్లాంటి లైట్లు మొహం మీద పడితే తెలుస్తుంది సంగతి.

ముందు ఇది చూసుకోండి, జెనాన్ అవసరమే లేకపోవచ్చు

ఇంజిన్ ఆన్‌లో, లైట్లు ఆన్‌లో పెట్టి మల్టీమీటర్‌తో బ్యాటరీ దగ్గర ఓల్టేజ్ చూడండి, తర్వాత బల్బు సాకెట్ వెనక చూడండి. తేడా 1 ఓల్టు దాటితే మీ సమస్య బల్బు కాదు, వైరింగు. హాలోజన్‌కి ఓల్టేజ్ 10 శాతం తగ్గితే వెలుతురు 30 శాతం దాకా పడిపోతుంది. మంచి రిలే హార్నెస్ (బ్యాటరీ నుంచి నేరుగా బల్బుకి కరెంటిచ్చే వైరింగ్ సెట్టు) వేసి, కొత్త 60/55 వాట్ల బల్బులు పెట్టి, పసుపెక్కిన అద్దం పాలిష్ చేయిస్తే చాలామందికి అక్కడితో పని అయిపోతుంది. నన్నడిగితే సగంమంది ఇక్కడే ఆగిపోవాలి.

చట్టం సంగతి కూడా. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 బండిలో చేసే మార్పుల గురించే. లైట్ల మీద పోలీసోళ్ళో ఆర్టీఓ వాళ్ళో ఆపితే "ప్రొజెక్టర్ వేసినా సార్, గ్లేర్ రాదు" అనే మాట చెల్లుతుందని నేను భరోసా ఇవ్వను. వారంటీ ఉన్న బండి అయితే వైరింగ్ కోసినందుకు అది కూడా పోవచ్చు. యూరప్ రూల్స్‌లో 2000 ల్యూమెన్లు దాటిన హెడ్‌లైట్‌కి ఆటోమేటిక్ లెవలింగ్, అద్దం కడిగే వాషర్ ఉండాలంటారు, ఊరికే పెట్టలేదు ఆ రూలు. అందుకే నేను చెప్పేది, మీ ఒరిజినల్ హెడ్‌లైట్లు కదిలించొద్దు. సెకండ్‌హ్యాండ్ జత ఇంకోటి కొని దాంట్లో పని చేయండి. చెన్నై పుదుపేట, బెంగళూరు జేసీ రోడ్డు రెండూ మనకు దగ్గరే, అద్దం గీతలు లేనిది, వెనక చెవులు విరగనిది ఏరుకోండి. రేపు ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) పోవాల్సొచ్చినా, బండి అమ్మాల్సొచ్చినా పాతవి బిగించేసుకోవచ్చు.

ఏమేం కావాలి

- బై-జెనాన్ ప్రొజెక్టర్లు రెండు, అంటే డిమ్, బ్రైట్ రెండూ ఒకే జెనాన్ బల్బుతో ఇచ్చేవి. హెచ్4 బొక్కలోంచి వెనక నట్టుతో బిగించే 2.5 అంగుళాల హెచ్1 రకం కొత్తోళ్ళకు సులువు. డీ2ఎస్ బల్బు పడే 3 అంగుళాలవి ఇంకా బాగుంటాయి, కానీ బ్రాకెట్ చేయించాలి, రిఫ్లెక్టర్ కోయాలి.
- రైట్ హ్యాండ్ డ్రైవ్ ప్రొజెక్టరే తీసుకోండి. దీని గురించి కింద విడిగా తిడతాను.
- 35 వాట్ల బల్బులు, 4300 కెల్విన్ (వెలుతురు రంగు కొలత, అంకె పెరిగేకొద్దీ నీలం). మరీ పసుపు అనిపిస్తే 5000. అంతకుమించి వద్దు.
- 35 వాట్ల బల్లాస్టులు (జెనాన్ బల్బుకి కావాల్సిన కరెంటిచ్చే డబ్బాలు) రెండు, బల్బుని వెలిగించే ఇగ్నైటర్లతో.
- బ్యాటరీ నుంచి నేరుగా వచ్చే రిలే హార్నెస్, ఫ్యూజ్ ఉన్నది.
- బ్యూటైల్ గమ్ చుట్ట, హెడ్‌లైట్ అద్దం అతికించడానికి.
- హీట్ గన్, స్టార్ స్క్రూడ్రైవర్, 10 నంబర్ స్పానర్, ప్లాస్టిక్ పట్టీలు, మల్టీమీటర్, కాటన్ గ్లౌజులు.
- మాస్కింగ్ టేపు, కొలత టేపు, మేస్త్రీలు వాడే రసమట్టం.

ఇంత పని మనవల్ల కాదు అనుకుంటే బై-ఎల్‌ఈడీ ప్రొజెక్టర్ చూడండి. బిగించే పద్ధతి దాదాపు ఇదే, బల్లాస్టు, హై ఓల్టేజ్ గోల ఉండదు, వేయగానే పూర్తి వెలుతురు వస్తుంది. ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు నేనైతే అదే చెప్తా. జెనాన్ మీద మోజున్నోళ్ళు కింద చదవండి.

పని మొదలు

1. పాత లైటు గుర్తు పెట్టుకోండి. ఏదీ విప్పకముందే బండిని చదునైన చోట గోడకి ఎదురుగా నిలిపి డిమ్ వేసి, గోడ మీద వెలుతురు పైఅంచు ఎక్కడ పడుతుందో టేపు అంటించండి. టైర్లు నిలిపిన చోట కూడా నేల మీద గుర్తు పెట్టండి. రేపు అంతా తారుమారైనా ఈ గీత దారి చూపిస్తుంది.

2. బ్యాటరీ మైనస్ తీసేయండి. తర్వాతే హెడ్‌లైట్ విప్పండి. చాలా బండ్లలో బంపర్ వదులు చేయకుండా హెడ్‌లైట్ బయటికి రాదు, లాగి చెవులు విరగ్గొట్టొద్దు.

3. అద్దం విప్పడం. బల్బులు, రబ్బరు మూతలు, చుట్టూ ఉన్న స్క్రూలు, క్లిప్పులు అన్నీ తీసేయండి. ఒక్క స్క్రూ మర్చిపోయినా అద్దం పగిలేది అక్కడే. అంచులో స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చి చూడండి, మెత్తగా నల్లగా దిగబడితే బ్యూటైల్, రాయిలాగా ఉంటే గట్టి గ్లూ. బ్యూటైల్ అయితే హీట్ గన్‌తో చుట్టూ తిప్పుతా వేడి చేసి, ఒక మూల నుంచి ప్లాస్టిక్ పట్టీతో నెమ్మదిగా తెరవండి, గమ్ జీడిపాకంలా సాగుతా వదిలేస్తుంది. ఒకేచోట గన్ పెట్టి నిలబడితే ప్లాస్టిక్ అద్దం ముడుచుకుపోతుంది. పెద్ద ఓవెన్ దొరికితే 100 డిగ్రీల దగ్గర ఏడెనిమిది నిమిషాలు, అంతకుమించి వద్దు. గట్టి గ్లూ అయితే అలవాటున్నోళ్ళకి ఇచ్చేయండి, మొండిగా లాగితే జత నష్టం.

   లోపల వెండిపూతని వేలితో ముట్టుకోవద్దు, గుడ్డతో తుడవొద్దు. గీత పడిందంటే పోదు. దుమ్ముంటే గాలి కొట్టండి, అంతే. మన రోడ్ల దుమ్ము సంగతి తెలిసిందే కదా, ఈ పని మిద్దె మీద, షాపు ముందర కాకుండా తలుపు మూసిన గదిలో పెట్టుకోండి.

4. ప్రొజెక్టర్ కూర్చోబెట్టడం. కొన్ని రిఫ్లెక్టర్లలో బల్బుకి ముందు రేకు టోపీ ఉంటుంది, అది తీసేయాలి. ప్రొజెక్టర్ వెనక మరను హెచ్4 బొక్కలోంచి దూర్చి, సిలికాన్ రింగు, అడాప్టర్ వేసి, వెనకనుంచి నట్టు చేత్తో బిగించండి. ఇప్పుడే గట్టిగా బిగించొద్దు, తిప్పుకునేంత వదులు ఉంచండి. బల్బు గ్లౌజులతోనే పట్టుకోండి, గాజు మీద వేలిముద్ర పడితే స్పిరిట్‌తో తుడిచేయండి.

5. వంకర సరిచేయడం, ఇది అసలు పని. అద్దం మూయకముందే హెడ్‌లైట్‌ని బండికి బిగించి, తాత్కాలికంగా కనెక్షన్ ఇచ్చి గోడ మీద వెలిగించండి. వెలిగి ఉన్నప్పుడు ప్రొజెక్టర్‌లోకి చూడొద్దు, వైర్లు ముట్టుకోవద్దు. గోడ మీద కత్తితో కోసినట్టు ఒక అంచు కనబడుతుంది, కుడిపక్క అడ్డంగా చదునుగా, ఎడమపక్క కొంచెం పైకి లేచి. రసమట్టంతో గోడ మీద అడ్డగీత టేపు వేసి, ఆ చదును భాగం గీతకు సమానంగా వచ్చేదాకా ప్రొజెక్టర్ తిప్పండి. లైటు ఆపి, కాసేపు చల్లారనిచ్చి, కదలకుండా పట్టుకొని నట్టు బిగించి, మళ్ళా వెలిగించి చూడండి. బిగించేటప్పుడు రోంత తిరుగుతుంది, రెండు మూడుసార్లు చేయాల్సిందే. ఇక్కడ బద్ధకిస్తే అద్దం మూసినాక మళ్ళా మొత్తం విప్పాలి.

   పైకి లేచే మెట్టు కుడిపక్క ఉంటే మీకు లెఫ్ట్ హ్యాండ్ డ్రైవ్ ముక్క అంటగట్టినారన్నమాట. మనం ఎడమపక్క తోలే దేశం, మెట్టు ఎడమకి ఉండాలి, రోడ్డు అంచున నడిచేవాళ్ళు, సైకిళ్ళు, మైలురాళ్ళు కనబడేది దానివల్లే. కుడికి ఉంటే అది నేరుగా ఎదురుబండోడి కళ్ళల్లోకి. ఎంత కిందికి దించినా ఆ తప్పు పోదు. సెకండ్‌హ్యాండ్‌లో, ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికేవాటిలో ఇదే ఎక్కువ, అడిగి, వెలిగించి చూపించమని కొనండి.

6. అద్దం మూయడం. గాడిలో పాత బ్యూటైల్ శుభ్రంగా ఉంటే దాని మీదే కొత్త చుట్ట తెగకుండా చుట్టూ పరవండి, మట్టి పట్టి ఉంటే గీకేయండి. రెండు ముక్కలూ వేడి చేసి గట్టిగా నొక్కి, క్లాంపులు పెట్టి, వేడి మీదే స్క్రూలు బిగించండి. పుల్లటి వెనిగర్ వాసనొచ్చే సిలికాన్ వాడొద్దు, ఆ ఆవిరి లోపల పూత మీద పొగలాగా పట్టేస్తుంది. చల్లారినాక లోపలికి నీళ్ళు పోతాయేమో బండికి బిగించకముందే చూడండి. వెనక మూతలు పెట్టి పైనుంచి పైపుతో ఐదు నిమిషాలు నీళ్ళు వదిలితే తెలిసిపోతుంది. మనకు అసలు వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, అప్పటికి ముందే ఈ పరీక్ష అయిపోవాలి.

7. బల్లాస్టు ఎక్కడ. రేడియేటర్ పక్కన, సైలెన్సర్ పైపు పైన వద్దు. బంపర్ కింద నీళ్ళు ఎగిరే చోట వద్దు. లోహం మీద గట్టిగా బిగించండి, డబుల్ టేపు మన ఎండకి వదిలేస్తుంది. ఇగ్నైటర్ నుంచి బల్బుకి పోయే వైరు పొడవు పెంచొద్దు, కోయొద్దు. వెలిగే క్షణంలో దాంట్లో 20 వేల ఓల్టుల పైనే ఉంటుంది, తడిచేత్తో దాని దగ్గరికి పోవద్దు.

8. వైరింగ్. పవర్ బ్యాటరీ నుంచి ఫ్యూజ్, రిలే మీదుగా రావాలి, ఒరిజినల్ హెడ్‌లైట్ వైరు రిలేకి సిగ్నల్ ఇవ్వడానికి మాత్రమే. 35 వాట్లే కదా సన్న వైరు చాలదా అంటారు, వెలిగే మొదటి కొన్ని సెకన్లు అది చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది, తర్వాత తగ్గుతుంది.

   హెచ్4 బండ్లకు జాగ్రత్త. మామూలుగా బ్రైట్ వేస్తే డిమ్ లైను ఆగిపోతుంది, బై-జెనాన్‌లో అట్లా కాకూడదు. జెనాన్ వెలుగుతానే ఉండాలి, ప్రొజెక్టర్ లోపల వెలుతురు ఆపే రేకు మాత్రం సోలినాయిడ్‌తో (కరెంటిస్తే కదిలించే అయస్కాంతం) పడిపోవాలి. అందుకే "హెచ్4 బై-జెనాన్ హార్నెస్" అని అడిగి తీసుకోండి. ఇంకొకటి, కొన్ని బండ్లలో డిమ్, బ్రైట్ రెండిటికీ ఉమ్మడిగా ఉండే పిన్ను ఎర్త్ కాదు, అదే ప్లస్, స్విచ్ ఎర్త్ వైపు పనిచేస్తుంది. మల్టీమీటర్ పెట్టి చూడకుండా కలపొద్దు.

   బ్రైట్‌కి విడిగా హాలోజన్ బల్బు ఉన్న బండి అయితే దాన్ని అట్లే వదిలేయండి. జెనాన్ పూర్తి వెలుతురుకి రావడానికి కొన్ని సెకన్లు పడుతుంది, పగలు ఓవర్‌టేక్ కోసం ఫ్లాష్ కొట్టడానికి హాలోజనే పనికొస్తుంది.

9. ఎత్తు సెట్ చేయడం. టైర్లలో గాలి సరిగ్గా, డ్రైవర్ సీట్లో ఒక మనిషి, డ్యాష్‌బోర్డు మీది లెవలింగ్ స్విచ్ సున్నా మీద. చదునైన నేల, నున్నటి గోడ, ఏదైనా కల్యాణ మండపం పార్కింగ్ ఖాళీగా ఉన్న రాత్రి అడిగి వాడుకోండి. గోడకి సరిగ్గా 10 మీటర్ల దూరంలో నిలపండి. ప్రొజెక్టర్ గుండు మధ్యకి నేలనుంచి ఎంత ఎత్తుందో కొలిచి గోడ మీద అదే ఎత్తులో గీత పెట్టండి. వెలుతురు చదును అంచు ఆ గీతకి 10 సెంటీమీటర్లు కింద ఉండాలి. రెండోది గుడ్డతో కప్పి ఒక్కో లైటు విడిగా చేయండి, మెట్టు మొదలయ్యే చోటు ఆ ప్రొజెక్టర్‌కి నేరుగా ఎదురుగా ఉండాలి.

   లైటు 65 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే ఈ లెక్కన అంచు 65 మీటర్ల దూరంలో నేలని తాకుతుంది, డిమ్‌కి అది చాలు. "ఇంకొంచెం పైకి పెట్టన్నా, దూరం కనపడాలి" అంటారు, దూరం కావాలంటే బ్రైట్ ఉంది.

10. బరువుతో చూడండి. పెద్దోళ్ళు, పిలకాయలు, డిక్కీ నిండా సామాన్లు ఎక్కితే బండి వెనక కుంగుతుంది, ముందు లైటు పైకి లేస్తుంది. వెనక సీటు నింపి మళ్ళా అదే గోడ మీద చూసి, లెవలింగ్ స్విచ్ 1లో పెట్టాలా 2లో పెట్టాలా రాసి పెట్టుకోండి. స్విచ్ లేని బండి అయితే మొదటే 10 బదులు 15 సెంటీమీటర్లు దించేయండి.

జనం ఎక్కువగా చేసే తప్పులు

నీలం పిచ్చి. 8000 కెల్విన్ బల్బు కొంటే చూడ్డానికి ఖరీదుగా ఉంటుంది, రోడ్డు మీద పడేది తక్కువ. వానలో, కొండ మీద మంచులో ఇంకా దారుణం, ఎదురుగా తెల్లగోడ కట్టినట్టే. ఫ్యాక్టరీ నుంచి జెనాన్‌తో వచ్చిన కార్లలో 4300 దగ్గరే ఎందుకు పెడతారో ఆలోచించండి.

55 వాట్ల బల్లాస్టు. ప్రొజెక్టర్ లోపలి గిన్నె పూత కొన్నాళ్ళకు కాలిపోయి మసకబారుతుంది, మొదట్లో ఎక్కువ కనిపించిన వెలుతురు తర్వాత 35 కంటే తక్కువకి వస్తుంది.

వెనక రబ్బరు మూత పారేయడం. బల్బు వైరు పట్టట్లేదని మూత లేకుండా వదిలేస్తారు, దుమ్ము, చెమ్మ అన్నీ లోపలికే. మూతకి రంధ్రం చేసి గ్రొమెట్ (రబ్బరు రింగు) పెట్టండి.

బల్బు పగిలితే చేత్తో ఏరడం. డీ1, డీ2 రకాల్లో కొంచెం పాదరసం ఉంటుంది. తలుపులు తెరిచి, కాసేపు పక్కకి పోయి, గ్లౌజులతో తీసి మూతున్న డబ్బాలో వేయండి.

సరిగ్గా వచ్చిందా లేదా చూసుకోవడం

గోడ పరీక్ష అయినాక మీ బండి స్నేహితుడికిచ్చి, మీరు ఇంకో కారులో 50 మీటర్ల దూరంలో ఎదురుగా కూర్చోండి. డిమ్‌లో గుండు కనబడాలి కానీ కళ్ళు చిట్లించాల్సిన పని ఉండకూడదు. తర్వాత కారు దిగి నిలబడి కిందికి వంగండి, ఒకచోట కన్ను అంచు దాటగానే వెలుతురు ఒక్కసారిగా కొడుతుంది, ఆ ఎత్తు మీ నడుము కంటే కిందే ఉండాలి. రోడ్డు మీద ముందు కారు వెనక ఆగినప్పుడు అంచు దాని వెనకద్దం మీద పడకూడదు, నంబర్ ప్లేటు ప్రాంతంలో ఉంటే సరి. స్పీడ్ బ్రేకర్ ఎక్కేటప్పుడు ఎదురోడికి ఒక్క మెరుపు తగులుతుంది, అది సహజం, కొందరు మనం ఫ్లాష్ కొట్టినామనుకొని తిరిగి కొడతారు, పట్టించుకోవద్దు. వారం పదిరోజులు తిరిగినాక నట్లు, ఎత్తు ఇంకోసారి చూడండి.

ఒకపక్క వెలగకపోతే రెండు బల్బులూ అటుదిటు మార్చండి. సమస్య బల్బుతోపాటు పక్కకి పోతే బల్బు, అక్కడే ఉంటే బల్లాస్టో వైరింగో. వెలిగించగానే రెపరెపలాడి ఆరిపోతే ముందు ఎర్త్ పాయింట్ గీకి బిగించండి, ఎక్కువసార్లు అదే. కొత్త బండ్లలో కంప్యూటర్ బల్బుకి కరెంటు ముక్కలుముక్కలుగా పంపిస్తుంది, దానివల్ల రెపరెప వస్తే దాన్ని సరిచేసే క్యాన్‌బస్ డీకోడర్ అనే చిన్న డబ్బా వేయాలి. రంగు గులాబీకి తిరిగితే బల్బు ముసలిదైంది, ఒకటే మారిస్తే రెండు పక్కలా రెండు రంగులు కనబడతాయి, జతగా మార్చండి.

పొద్దున్నే అద్దం లోపల లేత ఆవిరి పట్టి లైటు వేసిన కాసేపటికి పోతే భయం లేదు. చుక్కలు కట్టి అడుగున నీళ్ళు నిలిచినాయంటే మాత్రం ఎండలో పెడితే సర్దుకుంటుందిలే అనుకోవద్దు, బల్లాస్టుకీ పాకకముందే దించి, విప్పి, కొత్త గమ్ వేసి, 6వ స్టెప్ నుంచి మళ్ళా మొదలుపెట్టండి.